చెరిగి తీసిన గురుడు

నాగావళి నీరు తేటగా ఉన్న రోజుల్లో, లోతు తక్కువ చోట నిలబడి కిందికి చూస్తే అడుగున గులకరాళ్ళు కనిపిస్తాయి. కనిపిస్తాయి గానీ నిలవవు. నీరు కదిలినప్పుడల్లా రాయి సాగుతుంది, వంగుతుంది, రెండైనట్టు అనిపిస్తుంది. ఉన్నట్టుండి ఒక్క క్షణం అల సద్దుమణుగుతుంది. అప్పుడు రాతి మీది సన్నని చార కూడా తెలుస్తుంది. అంతలోనే మళ్ళీ చెదిరిపోతుంది. పెద్ద టెలిస్కోపులో గురుగ్రహం కనిపించేది అచ్చం ఇలాగే. అక్కడ పారేది గాలి.

వెబ్‌క్యామ్‌తో గ్రహాల ఫొటోలు తీసే పద్ధతంతా ఆ సద్దుమణిగిన క్షణం చుట్టూనే తిరుగుతుంది. టెలిస్కోపు ఎంత పెద్దది, కెమెరా ఎంత ఖరీదైనది అన్న లెక్కలు దాని తర్వాతే. ఈ మాట చెబితే కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్ళు నమ్మరు. అందుకే లెక్క నుంచే మొదలుపెట్టాలి.

గురుడు మనకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా ఆకాశంలో దాని వెడల్పు 45 ఆర్క్‌సెకన్లకు కాస్త అటూ ఇటూ. (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు.) ఇప్పుడు చెలామణీలో ఉన్న రూపాయి బిళ్ళను వంద మీటర్ల దూరంలో నిలబెడితే ఇంచుమించు అంతే కనిపిస్తుంది. ఆ బిళ్ళ మీద గురుడి పెద్ద ఎర్రమచ్చ నువ్వుగింజంత ఉంటుంది. వంద మీటర్ల అవతలి నువ్వుగింజనే కాదు, దాని అంచున తిరిగే సుడులను కూడా పట్టాలన్నది ఆశ. 250 మి.మీ. అద్దం ఉన్న టెలిస్కోపుకు ఆ శక్తి ఉంది. 0.46 ఆర్క్‌సెకన్ల ఎడంలో ఉన్న రెండు చుక్కలను అది విడివిడిగా చూపగలదు. కానీ మామూలు రాత్రి గాలి కదలికల వల్ల బొమ్మ రెండు ఆర్క్‌సెకన్ల మేర అలుక్కుపోతుంది. అద్దం ఇవ్వగలిగిన వివరంలో నాలుగో వంతు కూడా చేతికి రాదు. చేతి వెడల్పు ఉన్న చిన్న టెలిస్కోపుకూ, ఇద్దరు మోస్తే గానీ కదలని పెద్దదానికీ ఆ రాత్రి తేడా పెద్దగా ఉండదు.

ఫిల్మ్ ఉన్న కాలంలో ఈ చిక్కు తీరే దారే లేకపోయింది. గ్రహపు బింబాన్ని పెంచే కొద్దీ వెలుగు పలచబడి, ఒక్క ఫొటోకు సెకను పైగా షట్టర్ తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఆ సెకనులో గాలి బొమ్మను ఎన్నోసార్లు చెరిపి పూసేది. అందుకే ఎన్నో దశాబ్దాల పాటు గ్రహాల విషయంలో కెమెరా కన్నా మనిషి కన్నే మేలనిపించుకుంది. కన్ను ఓపిగ్గా కాచుకుని, ఆ స్తిమితమైన క్షణంలో కనిపించినదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. చేయి దాన్ని బొమ్మగా గీస్తుంది. ఉత్తరాంధ్రకు ఈ కంటిచూపు సంప్రదాయం కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంతంగా వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. ఇప్పటి విజయనగరం అప్పట్లో ఆ జిల్లాలోదే. బంగాళాఖాతం గాలి కింద నిలబడి ఆకాశాన్ని కొలవవచ్చని ఇక్కడివాళ్ళకు ఎవరో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

వెబ్‌క్యామ్ చేసింది ఆ కంటి పనినే. 2000 దాటాక ఫిలిప్స్ టూక్యామ్ లాంటి చవక కెమెరాల ముందు లెన్స్ విప్పేసి, ఆ చోట ఫిల్మ్ డబ్బా మూతి బిగించి, ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టే గొట్టంలోకి దూర్చడం మొదలైంది. 35 మి.మీ. ఫిల్మ్ డబ్బా దాదాపు ఆ గొట్టం కొలతకే సరిపోవడం అదృష్టం. 640 పిక్సెళ్ళ వెడల్పు, 480 ఎత్తు ఉన్న ఆ చిన్న చిప్ ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోవడానికి చేసినది. సెకనులో ముప్పయ్యో వంతులో ఒక బొమ్మ తీస్తుంది, ఆగకుండా తీస్తూ పోతుంది. రెండు నిమిషాల్లో వేల ఫ్రేములు. వాటిలో చాలావరకు అలుక్కుపోయినవే. కొన్ని మాత్రం గాలి సద్దుమణిగినప్పటివి. 2002లో కోర్ బెరెవోట్స్ రాసిన రెజిస్టాక్స్, ఆ తర్వాత ఎమిల్ క్రాయ్‌కాంప్ రాసిన ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ వేల ఫ్రేముల్లో మంచివాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, కలిపి ఒక్క బొమ్మ చేసి ఇస్తాయి.

కళ్ళంలో చేట పట్టుకుని ధాన్యం చెరిగేవాళ్ళను చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. తాలు ఎగిరిపోతుంది, గట్టి గింజ చేటలో మిగులుతుంది. వెబ్‌క్యామ్ గొప్పతనం బొమ్మ నాణ్యతలో లేదు. చెరగడానికి సరిపడా రాశి పోస్తుంది, అదీ దాని గొప్పతనం.

ఎంత పోస్తే ఎంత మిగులుతుంది? దీనికి లెక్క ఉంది. డేవిడ్ ఫ్రీడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1978లోనే వేశాడు, వెబ్‌క్యామ్‌లు పుట్టడానికి చాలా ముందు. గాలిలో వెలుగు చెదరకుండా సాఫీగా వచ్చే ముక్క వెడల్పు ఒకటి ఉంటుంది. మామూలు రాత్రి అది 5 సెం.మీ., మంచి రాత్రి 10 సెం.మీ., అంతకన్నా ఎక్కువైతే అరుదు. అద్దం ఆ ముక్కకు ఎన్ని రెట్లున్నదో చూడాలి. అయిదు రెట్లుంటే సుమారు పది ఫ్రేములకు ఒకటి మంచిది దొరుకుతుంది. ఏడు రెట్లయితే వెయ్యికి రెండో మూడో. పది రెట్లయితే పది లక్షలకు ఒకటి! అంటే మామూలు రాత్రి 25 సెం.మీ. అద్దంతో 3,600 ఫ్రేములు తీస్తే మూడు వందల పైచిలుకు పనికొస్తాయి. అదే రాత్రి, అదే చోట 50 సెం.మీ. అద్దం పెడితే ఒక్కటీ రాకపోవచ్చు. పెద్ద టెలిస్కోపు ఉంటే చాలు అనుకునేవాళ్ళు ఈ అంకెల దగ్గర ఒక్కసారి ఆగి ఆలోచించాలి. అద్దం పెరిగే కొద్దీ అది అడిగే గాలి కూడా మెరుగవ్వాలి. గాలి మెరుగైన రాత్రి మాత్రం పెద్ద అద్దానికి సాటి లేదు. సాఫీ ముక్క 10 సెం.మీ.కు పెరిగితే, ఆ 50 సెం.మీ. అద్దానికీ మళ్ళీ పదికి ఒకటి దొరుకుతుంది, అదీ రెట్టింపు వివరంతో.

మంచి ఫ్రేములు వందల్లో కావాలనడానికి ఇంకో కారణం ఉంది. చిన్న చిప్ తీసే ఒక్కో ఫ్రేములో గరుకు, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, చాలా ఎక్కువ. నాలుగు ఫ్రేములు కలిపితే గరుకు సగమవుతుంది. నాలుగు వందలు కలిపితే ఇరవయ్యో వంతుకు దిగుతుంది. అప్పుడే బొమ్మను పదును పెట్టడానికి వీలవుతుంది.

ఇక మన గాలి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉన్నాయి. గ్రహాలు నడిచే దారి ఇక్కడ ఎప్పుడూ ఎత్తుగానే సాగుతుంది. 2018లో శని బాగా దక్షిణాన ఉంది. లండన్‌లో అది దిగంతానికి 16 డిగ్రీల ఎత్తు దాటలేదు. శ్రీకాకుళంలో 49 డిగ్రీల దాకా ఎక్కింది. కింద ఉన్న గ్రహం వెలుగు ఎంతో మందం గాలిని చీల్చుకుని రావాలి. పైగా గాలి పట్టకంలా పనిచేసి నీలాన్ని పైకీ ఎరుపును కిందికీ విడదీస్తుంది. 30 డిగ్రీల ఎత్తులో ఆ చీలిక ఒక ఆర్క్‌సెకను పైనే, టెలిస్కోపు చూపగల వివరానికి రెట్టింపు. ఇంగ్లండ్‌కు చెందిన డేమియన్ పీచ్ గ్రహాల కోసం టెలిస్కోపు మూటగట్టుకుని బార్బడోస్ దాకా వెళ్ళి ఫొటోలు తీసింది ఈ ఎత్తు కోసమే. అది 13 డిగ్రీల అక్షాంశం. టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఉన్నవాళ్ళకు దాదాపు అదే ఎత్తు ఇంటి దగ్గరే దొరుకుతోంది.

శీతాకాలంలో ఉత్తర భారతం మీదుగా చాలా ఎత్తున పడమటి జెట్ ప్రవాహం వేగంగా సాగుతుంది. బొమ్మను పాడు చేయడంలో దాన్ని మించింది లేదు. దాని నడిమి ధార మనకు ఉత్తరంగా ఉండిపోవడం మరో మేలు. సముద్రం పక్కన పగటికీ రాత్రికీ వేడిలో తేడా తక్కువ. అందువల్ల అద్దం త్వరగా బయటి గాలి వేడికి సర్దుకుంటుంది. లోపలి పొడి ప్రాంతాల్లో తెల్లారేదాకా చలి పెరుగుతూనే ఉండి, అద్దం దాన్ని అందుకోలేక తన మీది గాలిని తానే కదిలిస్తూ ఉంటుంది.

అందరూ పొరబడే చోటు ఒకటుంది. వాన వెలిసి, ఉత్తరపు గాలి కొట్టి, చుక్కలు రవ్వల్లా మెరిసే రాత్రి చూస్తే ఎవరికైనా టెలిస్కోపు బయటికి తీయాలనిపిస్తుంది. గ్రహాలకు అది పనికిమాలిన రాత్రి. చుక్కలు మెరుస్తున్నాయంటే గాలి కదులుతున్నట్టే. ఆకు కదలని రాత్రి, ఉద్దానం కొబ్బరి మట్టలు బొమ్మలో గీసినట్టు నిలబడిపోయిన రాత్రి, ఉక్కతో ఒళ్ళంతా జిడ్డుగా ఉండి ఆకాశం పలచని మసక పట్టిన రాత్రి గురుడు గీత గీసినట్టు నిలుస్తాడు. ఆ మసకలో పాలపుంత కనిపించదు, నక్షత్ర సమూహాలు కనిపించవు. గ్రహాలకు మాత్రం వెలుగు కొదవ లేదు. అందుకే ఊరి దీపాల బెడద కూడా వాటికి లేదు. విజయనగరం గంటస్తంభం పక్కన నిలబడి తీసినా గురుడు వెలవెలబోడు. గ్రహాల ఫొటోల కోసం ఊరు వదిలి చీకటి వెతుక్కుంటూ పోవాల్సిన అవసరమే లేదు.

కానీ ఊళ్ళో వేరే శత్రువుంది: స్లాబు. టెలిస్కోపును మేడ మీద పెట్టాలన్నది అందరికీ మొదట తోచే ఆలోచన, చాలాసార్లు తప్పుటాలోచన. రాత్రి పది దాటాక స్లాబు మీద అరచేయి పెడితే ఇంకా వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనమంతా పైకి లేస్తూ గొట్టం ముందు నుంచే పోతుంది. వెనక పెరటి మట్టినేల, ఊరవతలి గడ్డి, కోత అయిపోయిన మడి మేడ కన్నా ఎన్నో రెట్లు మేలు. మేడ తప్ప గతి లేకపోతే అర్ధరాత్రి దాటేదాకా ఆగాలి. తీరానికి మరీ దగ్గరగా, కళింగపట్నం ఇసుక మీదే పెట్టుకుందామా అంటే ఉప్పుగాలి అద్దం పూతను తినేస్తుంది. నాలుగైదు కిలోమీటర్లు లోపలికి రావడం మంచిది.

కాలం సంగతి ఊహించగలిగిందే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు. అక్టోబర్, నవంబర్ తుఫానుల నెలలు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మనది. అందులో పుష్యమాసపు మంచు ఒక చిక్కు. ముందు గాజుపలక ఉండే టెలిస్కోపులకు గంటలోనే పలక మీద తడి కమ్ముతుంది. మూతికి అట్టముక్కో యోగా చాపో గొట్టంలా చుట్టి కడితే చాలా సేపు ఆగుతుంది.

పెద్ద టెలిస్కోపుల్లో మనవాళ్ళకు అందుబాటులో ఉండేది డాబ్సోనియన్. ఫిరంగిలాంటి గొట్టం, కింద తిరిగే చెక్కపీట. దానంతట అది ఆకాశంతో పాటు తిరగదు, చేత్తో తోయాలి. దానితో వెబ్‌క్యామ్ వాడటం ఎంత సున్నితమైన పనో ఒక్క లెక్క చెబుతుంది. పిక్సెల్ 5.6 మైక్రాన్లున్న పాత వెబ్‌క్యామ్‌కు టెలిస్కోపు ఇవ్వగల వివరమంతా అందాలంటే ఫోకల్ నిష్పత్తి (ఫోకల్ దూరం అద్దం వెడల్పుకు ఎన్ని రెట్లో ఆ అంకె) సుమారు 25 ఉండాలి. ఆ నిష్పత్తి 5 ఉన్న (ఎఫ్5) 250 మి.మీ. అద్దానికి అయిదు రెట్ల బార్లో (బింబాన్ని పెంచే కటకం) తగిలించాలి. అప్పుడు ఫోకల్ దూరం ఆరు మీటర్ల పైన. చిప్‌కు కనిపించే ఆకాశం రెండు ఆర్క్‌నిమిషాలకు, అంటే 120 ఆర్క్‌సెకన్లకు, లోపే. భూమి తిరగడం వల్ల గ్రహం సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరిగిపోతుంది. గురుడి ముందంచు ఈ అంచున ప్రవేశించి ఆ అంచు చేరడానికి ఎనిమిది సెకన్లు. నిండు బింబం చట్రంలో ఉండేది అయిదు సెకన్లు. తెర మీద ఖాళీ నలుపు. ఎడమ అంచున పసుపు వంపు ఒకటి తొంగిచూస్తుంది, బింబమవుతుంది, చారలు వణుకుతూ తెర నడిమికి వస్తాయి, ఊపిరి బిగబట్టి చూస్తుండగానే కుడి అంచులో కరిగిపోతుంది. మళ్ళీ గొట్టాన్ని వేలితో ఒక్క వెంట్రుకవాసి ముందుకు తోసి, వణుకు తగ్గేదాకా ఆగి, దాని కోసం కాచుకోవాలి. సూదిలో దారం ఎక్కించడం ఇంతకన్నా తేలిక. గొట్టానికి పక్కన బిగించే చిన్న వెతుకుడు దూరదర్శినిని పగలే ఊరవతలి సెల్‌టవర్ కొస మీద సరిచూసి పెట్టుకున్నవాళ్ళు మాత్రమే మొదటి రాత్రి గ్రహాన్ని చిప్ మీదికి తేగలుగుతారు. పీట కింద మోటారుతో తిరిగే ఈక్వటోరియల్ ప్లాట్‌ఫారం పెడితే ఈ యాతన తీరుతుంది. డబ్బు పెట్టదలిస్తే కొత్త కెమెరా కన్నా ముందు దాని మీద పెట్టడం తెలివైన పని. దానికీ ముందు పైసా ఖర్చులేని పని ఇంకొకటుంది. ప్రతి రాత్రీ అద్దాల వరస సరిచూసుకోవడం. ఒక నక్షత్రాన్ని చట్రం నడుమ పెట్టి ఫోకస్ తప్పించి చూస్తే వలయాలు ఒకదానిలో ఒకటి సమంగా ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ రాత్రి గాలి ఎంత బాగా నిలిచినా వృథాయే.

తీరిగ్గా గంటసేపు వీడియో తీసి అంతా కలిపేద్దామంటే గురుడు ఊరుకోడు. పది గంటలకు కాస్త తక్కువలో ఒక చుట్టు తిరుగుతాడు. రెండు నిమిషాల్లో 1.2 డిగ్రీలు. బింబం నడుమ ఉన్న మచ్చ ఆ రెండు నిమిషాల్లో జరిగే దూరం సుమారు 0.48 ఆర్క్‌సెకన్లు. 250 మి.మీ. అద్దం విడదీయగల దూరం కూడా అంతే. అందుకే రెండు నిమిషాలు హద్దు. అద్దం ఇంకా పెద్దదైతే హద్దు ఇంకా కురచ. విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్ గ్రహం తిరిగిన మేర లెక్కగట్టి వెనక్కి తిప్పి కొన్ని వీడియోలను కలపగలదు. కానీ దానికి ప్రతి వీడియో ఎప్పుడు తీశారో నిమిషంతో సహా కావాలి.

కొత్త తరం కెమెరాలు సెకనుకు వందకు పైగా ఫ్రేములు తీస్తాయి. పాత యూఎస్‌బీ వెబ్‌క్యామ్ సెకనుకు పది దాటితే బొమ్మను కుదించి పంపి సన్నని వివరాలను నలిపేస్తుంది. తేడా నిజమే. అయినా మొదటి ఏడాది పాతది చాలు. ఐపీస్‌కు మొబైల్ బిగించి తీసిన వీడియోను కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌తో చెరగవచ్చు. వెబ్‌క్యామ్ లెన్స్ విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. కొన్నింట్లో దాంతో పాటే పరారుణ వడపోత కూడా ఊడొస్తుంది. అది మళ్ళీ పెట్టకపోతే గ్రహం రంగు మారి, అంచులు ఉబ్బుతాయి.

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది చివర్లో, బొమ్మకు పదును పెట్టేటప్పుడు. ఏరి కలిపిన బొమ్మ మెత్తగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పదును పెంచే వేవ్‌లెట్ మీటలను జరిపితే చారలు, సుడులు పైకి తేలతాయి. ఇంకాస్త జరిపితే లేనివి కూడా తేలతాయి. అంగారకుడి మెరిసే అంచు లోపల సన్నని నల్లగీత ఒకటి పుడుతుంది. అది అక్కడి మేఘమూ కాదు, మంచూ కాదు, వెలుగు వంగడం వల్ల వచ్చిన గీతను పదును పెట్టడం పెద్దది చేసి చూపిస్తుంది. ఈ తప్పు కంటిచూపు కాలంలోనూ జరిగింది. 1877 తర్వాత అంగారకుడి మీద కాలువలు చూశామన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. విడివిడి మచ్చలను కన్ను గీతలుగా కలిపింది. 1909లో ఆంటోనియాడి పారిస్ దగ్గరి మ్యూడన్‌లో 83 సెం.మీ. దూరదర్శినితో, గాలి బాగా నిలిచిన వేళ చూస్తే ఆ కాలువలు మాయమై మచ్చలే మిగిలాయి. ఈ రోజుల్లో అంతర్జాలంలో కళ్ళు చెదిరే గ్రహాల బొమ్మల్లో కొన్ని అప్పటి కాలువల్లాంటివే. ఒక వివరం నిజమో కాదో తేల్చుకునే దారి ఒక్కటే. పావుగంట తర్వాత ఇంకో వీడియో తీసి విడిగా చెరగాలి. గ్రహం తిరిగిన మేర ఆ మచ్చ కూడా జరిగి ఉంటే అది నిజం. ఉన్నచోటే ఉంటే సెన్సర్ మీది దుమ్మో మీట చేసిన మాయో.

2027 ఫిబ్రవరి ఈ పని నేర్చుకునేవాళ్ళకు గొప్ప నెల. గురుడు ఆ నెల రెండో వారంలో, అంగారకుడు 19న సూర్యుడికి ఎదురుగా వస్తున్నారు. ఇద్దరూ మఖ నక్షత్రం పరిసరాల్లోనే, అర్ధరాత్రి ఉత్తరాంధ్రకు దాదాపు నడినెత్తిన ఉంటారు. అంగారకుడు ఈసారి చిన్నవాడే, 14 ఆర్క్‌సెకన్లకు లోపే. డాబ్సోనియన్ ఉన్నవాళ్ళకు మాత్రం ఈ నడినెత్తి ఒక పరీక్ష. గొట్టం నిలువుగా ఉన్నప్పుడు పక్కకు తోస్తే తన చుట్టూ తానే తిరుగుతుంది, గ్రహం వెంట పోదు. అందుకని అర్ధరాత్రికి గంట ముందో గంట తర్వాతో తీయాలి. అప్పుడు గ్రహాలు 75 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో గాలి మందం నడినెత్తి కన్నా నూటికి మూడు నాలుగు వంతులే ఎక్కువ. పోయేదేమీ లేదు, గొట్టం మాట వింటుంది.

ఈ బొమ్మలు గోడకు తగిలించుకోవడానికే పరిమితం కావు. 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే ఔత్సాహికుడు తన 14.5 అంగుళాల టెలిస్కోపుతో గురుడి దక్షిణ ధ్రువం దగ్గర కొత్త నల్లమచ్చను పట్టాడు. ఏదో ఢీకొన్న గాయమది. ఆయన చెప్పాకే హవాయిలోని నాసా టెలిస్కోపు అటు తిరిగింది. 2010 జూన్ 3న గురుడి మీద రెండు సెకన్ల పాటు ఒక మెరుపు మెరిసింది. వెస్లీ, ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరం నుంచి క్రిస్టఫర్ గో, ఇద్దరి వీడియోల్లోనూ అది పడింది. జపాన్, ఫిలిప్పీన్స్ వాళ్ళకు గురుడు అస్తమించి, ఐరోపాలో ఇంకా పొద్దు గుంకని గంటలు కొన్ని ఉంటాయి. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది మన ఆకాశంలో ఆ వేళ గురుడు ఇంకా పైనే ఉంటాడు. ఆ గంటల్లో గురుడి మీద కెమెరా పెట్టి కూర్చునేవాళ్ళు ప్రపంచంలో తక్కువ.

ఇక్కడే చేటతో చెరిగే పద్ధతిలోని ఒక ప్రమాదం బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ మంచి ఫ్రేములను ఏరేటప్పుడు రెండు సెకన్ల మెరుపు ఉన్న అరవై ఫ్రేములు గాలి సరిగా లేని వేళవైతే తాలుతో పాటు ఎగిరిపోతాయి. ఏరిన వాటిలో ఉన్నా వందల ఫ్రేముల సగటులో మాసిపోతాయి. చివరి బొమ్మ అందంగానే ఉంటుంది, మెరుపు మాత్రం ఉండదు. అందుకని కుప్పను పారబోసే ముందు తాలు కూడా వెతకాలి. మార్క్ డెల్‌క్రొవా అనే ఫ్రెంచ్ ఔత్సాహికుడు తయారుచేసిన డీటెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనే చేస్తుంది. వీడియో మొత్తం ఫ్రేము ఫ్రేముగా చూసి, ఎక్కడైనా వెలుగు ఒక్కసారిగా పెరిగితే చెబుతుంది. రెండు నిమిషాల వెబ్‌క్యామ్ వీడియో కుదించకుండా ఒక గిగాబైట్ పైనే ఉంటుంది. హార్డ్‌డిస్క్ నిండిందని అది తుడిచేసే ముందు డీటెక్ట్‌తో ఒకసారి వెతికించి, తీసిన సమయాన్ని మన గడియారం నుంచి అయిదున్నర గంటలు తీసేసి విశ్వకాలమానంలో ఫైలు పేరులోనే రాసి పెట్టాలి.